"యాడుండావ్" అని రాసిన పాపకు

కడప

పాపా,

నీ కథ రెండుసార్లు చదివినాను. అక్కాచెల్లెళ్ళు ఫోన్లో పెట్టుకునే మెసేజీల దగ్గర మాత్రం నాలుగోసారి కూడా ఆగినాను. "యాడుండావ్‌క్కా", "బువ్వ తింటివా", "వస్తాండా ఉండు". ఇవి రాసేటప్పుడు నీ చెయ్యి ఎక్కడా తడబడలేదు. వాళ్ళు ఫోన్ పక్కన పెట్టగానే "ఆమె మిక్కిలి విచారముతో కిటికీ వద్దకు నడిచెను" అని మొదలుపెట్టినావు. ఆ అక్క అట్లా నడవదు పాపా.

మా చిన్నప్పుడు కాగితం మీద 'యాడ' అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవాళ్ళు. దిద్దించుకునీ దిద్దించుకునీ, అమ్మకు రాసే ఉత్తరంలో కూడా పుస్తకం భాషే రాసేవాణ్ణి. ఇప్పుడు మైదుకూరులో పిల్లోడు జమ్మలమడుగులో ఉన్న మామకు నోటికొచ్చినట్టే టైపు చేస్తాడు. బెరుకు లేకుండా మన మాట రాతలోకి రావడం నా ఎరుకలో ఇదే మొదలు. భాష చెడిపోతోందనే వాళ్ళ మాట నేను ఒప్పుకోను.

'బ్లాక్ చేసె' అని రాయడానికి జంకి 'నిరోధించెను' అన్నావు. తీసెయ్. యర్రముక్కపల్లిలో సి.పి. బ్రౌన్ దొర పేరిట గ్రంథాలయం ఉంది కదా, ఒకసారి పోయి రా. ఈ ఊర్లో బంగళా కొని, పండితులను పెట్టుకుని తాళపత్రాలు సరిచూయించిన మనిషి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినాడు. అంతటితో ఆగలేదు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాల, అంటే పరభాషల మాటల కోసమే 1854లో ఇంకో నిఘంటువు వేసినాడు. జనం నోట ఆడే మాటను ఆయన పరాయిదని పారేయలేదు.

నా దిగులు వేరే. ఎస్సెమ్మెస్ కాలంలో ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజిలో 160 పట్టేవి, తెలుగైతే 70 మాత్రమే. గుణింతం, వత్తు కూడా ఆ లెక్కలోకే వచ్చేవి. చాలా ఫోన్లలో తెలుగంతా డబ్బాలుగా కనిపించేది. అందుకే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం పట్టుకుంది. ఆ ఇరుకు పోయినా అలవాటు పోలేదు. పోయినేడు ఊరి నుంచి మా తమ్ముడు అట్లాగే మెసేజి పెట్టినాడు, అమ్మకు కళ్ళు నొప్పి అని. నేను చదువుకున్నది అట్లా. కంటి చుక్కలు కొనుక్కుని బస్సెక్కిపోతే, అమ్మ మంచం మీద మోకాళ్ళకు ఆముదం రుద్దుకుంటా ఉంది. సీసా చేతిలోకి తీసుకుని, "ఇది యాడ పోసుకోవాల నాయనా?" అనె. కళ్ళు, కాళ్ళు, కల్లు, మూడింటికీ kallu అనే ఆ అయిదు అక్షరాలే. నువ్వు మెసేజి అయినా సరే తెలుగు లిపిలోనే రాయి. దీర్ఘం పోతే మనిషి నొప్పే మారిపోతుంది.

ఇంకొకటుంది, దానికి నేను ఇంకా ఎక్కువ భయపడతాను. నా ఫోన్లో 'వస్తాండా' అని కొడుతుంటే కీబోర్డు పైన 'వస్తున్నా' అని చూపిస్తుంది. వేలు ఊరికే దాని మీదికి పోతుంది. ఆనాటి ఎర్ర సిరా కంటికి కనబడేది, ఉక్రోషం వచ్చేది. ఇది కనబడదు. నీ కథలో మూడో పేజీ నుంచి 'వస్తున్నా'లే ఉన్నాయి. అవి నువ్వు ఎంచుకున్నవేనా?

మీ అవ్వతో ఒక వాయిస్ మెసేజి పెట్టించుకో. దేని గురించైనా సరే, చెనిక్కాయలు ఒలిచే సంగతైనా సరే. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే వాక్యం ఆపి, ఉన్నదున్నట్టు కాగితం మీద ఎత్తి రాయి. ఆ తర్వాత కిటికీ పేరా మళ్ళీ మొదలుపెట్టు. అయినంతవరకు పంపు, దసరాకు ఇంట్లోనే ఉంటాను.

మీ పెద్దాయన