హఠాత్తుగా చల్లబడిన కాలు

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. గుండె లయ తప్పుతోందని ఇచ్చిన, రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలను మధ్యలో మానేశారు. గత నెల తెల్లవారుజామున కుడికాలు ఉన్నట్టుండి భరించలేనంత నొప్పి పుట్టి చల్లబడింది. తిమ్మిరేమోనని కాపడం పెట్టాం. ఆసుపత్రిలో మొదట నడుము దగ్గర నరం నొక్కుకుందేమో అన్నారు. తరువాత వచ్చిన డాక్టరుగారు రెండు పాదాలూ పట్టుకుని చూసి, వెంటనే రక్తనాళాల సర్జన్‌ను పిలిపించారు. ఆపరేషన్‌తో కాలు దక్కింది. ఆయన ఏం గమనించి ఉంటారు?
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: గుండె పై గదులు లయ తప్పినప్పుడు లోపల రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ ప్రవాహంలో కొట్టుకువచ్చి, తొడ మొదట్లోనో మోకాలి వెనుకో ధమని చీలేచోట ఇరుక్కుంటే ఆ కింది భాగానికి రక్తం అందదు. మీ నాన్నగారికి జరిగింది బహుశా ఇదే.

నరం నొక్కుకున్నా నొప్పి, తిమ్మిరి, బలహీనత ఉంటాయి కనుక పొరబడే అవకాశం ఉంది. కానీ ఆ కాలు వెచ్చగానే ఉంటుంది, నాడి అందుతుంది. రక్తం అందని పాదం పాలిపోయి, రెండో పాదం కంటే చల్లగా ఉంటుంది. బొటనవేలి గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. పాదం పైభాగంలోనూ, లోపలి చీలమండ వెనుకా వేళ్లు ఆనించి నాడి చూస్తారు. కొందరికి పుట్టుకతోనే పాదం మీది నాడి అందదు కాబట్టి రెండు చోట్లా, రెండు కాళ్లకూ చూడటం తప్పనిసరి. అనుమానం మిగిలితే రక్తప్రవాహపు శబ్దాన్ని వినిపించే, చేతిలో ఇమిడే డాప్లర్ పరికరంతో తేల్చుకోవచ్చు. కాలినొప్పితో వచ్చిన ఎవరికైనా మేజోళ్లు తీయించి ఈ పరీక్ష చేయకుండా ఇంటికి పంపకూడదని నా గట్టి అభిప్రాయం.

వేళ్లకు స్పర్శ తెలియకపోయినా, వాటిని కదపలేకపోయినా కాలు ప్రమాదంలో పడినట్టే. రక్తం పూర్తిగా ఆగిపోతే సుమారు 6 గంటల్లో కండరాలు కోలుకోలేనంతగా దెబ్బతినవచ్చు. అందుకే రక్తస్రావ భయం లేనివారికి స్కానింగ్ కోసం ఆగకుండా, గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్ మొదలుపెడతారు. ఆపై, 1963లో అమెరికన్ సర్జన్ థామస్ ఫోగర్టీ ప్రచురించిన పద్ధతిలో, కొసన బెలూన్ ఉన్న సన్నని గొట్టాన్ని ధమనిలోకి పంపి గడ్డను బయటికి లాగుతారు.

కాపడం మాత్రం ఎప్పుడూ పెట్టకండి. స్పర్శ లేని చర్మం కాలిపోయినా తెలియదు. కాలు పిసకడం, ఎత్తులో పెట్టడం కూడా వద్దు. 108కి ఫోన్ చేసి, ఆసుపత్రిలో అడుగుపెట్టగానే నొప్పి ఏ గంటకు మొదలైందో, గుండె జబ్బు ఏమిటో, ఏ మాత్ర ఎప్పుడు మానేశారో చెప్పండి. ఇక ఆ మాత్రలను డాక్టరు చెప్పకుండా ఒక్కపూట కూడా ఆపనివ్వకండి.