సమాధానం: మూడో కాలంలో జంట వరుస తడబడుతుంటే

పర్లాకిమిడిలో రోజూ సాయంత్రం రెండు గంటలు ఆపకుండా వీణ సాధన చేస్తున్నా మూడో కాలంలో, అంటే మూడో వేగంలో, జంట వరుస (ప్రతి స్వరాన్నీ రెండేసి సార్లు పలికించే సాధన పాఠం) తడబడుతోందని రాశారు. అందుకు కారణం చాలావరకు ఆ ఆపకపోవడమే. అలసిన చేయి తప్పునే పదే పదే వాయించి, దానినే అలవాటు చేసుకుంటుంది.

1. ఇరవై ఐదు నిమిషాలకొకసారి వీణను పక్కన పెట్టి ఐదు నిమిషాలు లేచి తిరగండి. మీది బొబ్బిలి వీణ అన్నారు. ఒకే పనస దుంగను తొలిచి చేసినది కనుక ఎత్తి దించడానికి బద్ధకం వేస్తుంది, అయినా దించండి.

2. అందరూ వదిలేసేది చిన్న విరామం. ‘ద ద ని ని’ దగ్గర వేలు మెట్టు తప్పుతుంటే, ఆ నాలుగు స్వరాలనే పది సెకన్లు వాయించి, తంత్రుల మీది నుంచి చేయి తీసి, మరో పది సెకన్లు ఊరకే కూర్చోండి. 2021లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, మీటలు నొక్కే వరుసను ఇలాగే పదేసి సెకన్ల చొప్పున నేర్చుకున్నవారి మెదడు, విరామంలో ఆ వరుసను దాదాపు 20 రెట్ల వేగంతో నెమరువేసుకుందని తేలింది. అది వీణపై చేసిన ప్రయోగం కాదు గాని, వేళ్లకు వరుస నేర్పడం రెండింటా ఉన్నదే. ఆ పది సెకన్లలో ఫోను ముట్టుకోకండి. నేను చాలాకాలం చేసిన పొరపాటు అదే.

3. వేలి కొనపై తంత్రి గీత లోతుగా పడి మంట పుడితే ఆ పూటకు ఆపేయండి. మణికట్టు నొప్పి, తిమ్మిరి రోజుల తరబడి తగ్గకపోతే వైద్యునికి చూపించండి.