డిష్ రిమోట్ మొరాయిస్తే వెంటనే కొత్తది కొనాలా?

మీరు రెండు సంగతులు అడిగారు. ఊళ్లో మీ అమ్మానాన్నల దగ్గర ఉన్న డిష్ రిమోట్ ఒకసారి పనిచేసి మరొకసారి పనిచేయడం లేదు కాబట్టి కొత్తది కొనాలా అన్నది ఒకటి. టీవీకి ఒకటి, సెట్‌టాప్ బాక్స్‌కు ఒకటి చొప్పున రెండు రిమోట్లు ఉండడం వల్ల వారు తికమకపడుతున్నారు కాబట్టి అంతా ఒకే రిమోట్‌తో నడిపించే వీలుందా అన్నది రెండవది. నేను మెకానిక్‌ను కాను. అయితే మా అమ్మానాన్నలు తెనాలిలో, నేను హైదరాబాదులో ఉండడం వల్ల ఏడెనిమిదేళ్లుగా వారి టీవీ తగాదాలన్నీ ఫోనులోనే తీరుస్తున్నాను. ఈ అనుభవంలో నాకు అర్థమైనదేమిటంటే, రిమోట్ పాడైందని వచ్చిన ఫిర్యాదుల్లో నిజంగా రిమోట్ పాడైన సందర్భాలు రెండో మూడో, అంతే.

మా ఇంట్లో ఉన్నది డీడీ ఫ్రీ డిష్. ప్రసార భారతి 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలుపెట్టిన సేవే ఇప్పుడు ఈ పేరుతో నడుస్తోంది. నెలనెలా కట్టవలసినది ఏమీ లేదు. అయితే బాక్సును బజారులో ఏదో ఒక కంపెనీది మనమే కొనుక్కుంటాము కాబట్టి, చెడిపోయినప్పుడు ఫోను చేసి పిలవడానికి ఎవరూ ఉండరు. ఆ బాధ్యత ఇంటి పెద్ద కొడుకు మీద పడుతుంది.

నాన్నగారు ఫోను చేసి "ఏరా, రిమోట్ పనిచేయడం లేదు, తెర నీలంగా వచ్చింది" అనగానే ముందు నేను అడిగేది ఒకటే. డిష్ రిమోట్ తీసుకుని మెనూ బటన్ నొక్కమంటాను. తెర మీద మెనూ కనిపిస్తే రిమోటూ బాగుంది, బాక్సూ బాగుంది, టీవీ కూడా సరైన సోర్సులోనే, అంటే బాక్సు బొమ్మను చూపే ఇన్‌పుట్‌లోనే, ఉంది. అప్పుడు లోపం పైనున్న గొడుగులోనో, దాని వైరులోనో, ఆకాశంలోనో ఉన్నట్టు. ఈ ప్రసారాలు వచ్చే కేయూ బ్యాండు తరంగాలను గట్టి వాన, దట్టమైన మబ్బు బలహీనపరుస్తాయి కాబట్టి, తెనాలిలో వాన పడుతున్నంతసేపూ ఏ రిమోటూ చేయగలిగింది లేదు. మెనూ రాకపోతే మాత్రం సోర్సు మారిపోయిందా, బాక్సు ఆఫ్ అయిందా, రిమోట్ పలకడం లేదా అన్నది ఒక్కొక్కటిగా తేల్చాలి. ఈ ఒక్క ప్రశ్న తెలియని రోజుల్లో నేను ఫోనులో అరగంటసేపు అరిచి, నాన్నగారి చేత సెల్స్ మార్పించి, చివరకు పక్కింటి అబ్బాయిని మేడ మీదికి ఎక్కించిన సందర్భాలున్నాయి.

మెనూ రాకపోతే తర్వాత చేయవలసినది ఫోను కెమెరా పరీక్ష. రిమోట్ ముందు భాగంలో చిన్న బల్బు ఉంటుంది. అది వెలువరించే పరారుణ కాంతి మన కంటికి కనిపించదు కాని కెమెరాకు కనిపిస్తుంది. ఫోనులో కెమెరా తెరిచి, రిమోట్‌ను దానివైపు తిప్పి ఏదో ఒక బటన్ నొక్కితే, తెర మీద లేత ఊదారంగు చుక్క మినుకుమినుకుమంటుంది. కొన్ని ఫోన్లలో వెనుక కెమెరాకు ఈ కాంతిని అడ్డుకునే ఫిల్టరు ఉంటుంది కాబట్టి సెల్ఫీ కెమెరాతో చూడడం మేలు. మా నాన్నగారికి ఈ పరీక్ష ఎంత నచ్చిందంటే, ఇంటికి వచ్చినవారందరికీ చేసి చూపించేవారు. చుక్క వెలిగితే రిమోట్ ప్రాణంతో ఉన్నట్టే. అన్ని బటన్లకూ వెలిగి ఒకదానికే వెలగకపోతే ఆ బటన్ కింద మురికి ఉన్నట్టు. ఏమీ నొక్కకుండానే వెలుగుతుంటే ఏదో ఒక బటన్ లోపలికి అతుక్కుపోయినట్టు. అలాంటి రిమోట్‌లో మిగిలిన బటన్లు పలకవు, కొత్త సెల్స్ కూడా త్వరగా అయిపోతాయి. కొత్త రకం బాక్సుల్లో కొన్నింటి రిమోట్లు బ్లూటూత్‌తో నడుస్తాయి కాబట్టి వాటికి ఈ పరీక్ష వర్తించదు.

సెల్స్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు కాని, మనందరి ఇళ్లలో జరిగే ఒక తంతు గురించి చెప్పాలి. రిమోట్ పలకకపోతే అరచేతిలో రెండు దెబ్బలు కొడతాము, మూత తీసి సెల్స్‌ను బొటనవేలితో గిర్రున తిప్పుతాము, ఇంకా కాదంటే కాసేపు ఎండలో పెడతాము. చదువుకున్నవారు నవ్వుతారు కాని వీటి వెనుక కారణం లేకపోలేదు. సెల్ కొనలకూ స్ప్రింగుకూ మధ్య పట్టిన తుప్పు తిప్పినప్పుడు కొంచెం రాలి, కరెంటు మళ్లీ పారుతుంది. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకవుతుంది. రెండూ తాత్కాలికమే. తిప్పితే పనిచేస్తోందంటే సెల్స్ మార్చడంతోపాటు ఆ స్ప్రింగులను సన్నటి గరుకు కాగితంతో ఒకసారి రుద్దాలని అర్థం. సెల్స్ కారి తెల్లటి పొడి పేరుకుని ఉంటే దానిని వట్టి చేతులతో ముట్టుకోకుండా, పాత టూత్ బ్రష్షుతో దులిపి, కొద్దిగా వెనిగర్ తడిపిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరాకనే కొత్తవి వేయాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపి వేసే పొదుపు వద్దు. ఊరికి వెళ్లేటప్పుడు సెల్స్ తీసి పక్కన పెట్టమని చెప్పండి.

బటన్ల సంగతికి వస్తే, రిమోట్ లోపల ఉండేది ఒక రబ్బరు పలక. ప్రతి బటన్ అడుగునా నల్లటి కార్బన్ చుక్క ఉంటుంది, అది కింది సర్క్యూట్ మీద ఆనితేనే ఆజ్ఞ వెళుతుంది. భోజనం చేస్తూ ఎడమ చేత్తో ఛానల్ మార్చడం, తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తో సౌండు పెంచడం వంటి వాటితో కొన్నేళ్లకు ఆ చుక్కల చుట్టూ జిగట పేరుకుంటుంది. నాన్నగారి రిమోట్‌లో అన్ని అంకెలూ బాగుండగా 2, 5 మాత్రం పలికేవి కావు. కిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు సెల్స్ గదిలో ఉన్న చిన్న స్క్రూ విప్పి, అంచు వెంబడి పాత ఏటీఎం కార్డును జరుపుతూ పోతే లోపలి కొక్కేలు టిక్కుటిక్కుమని ఊడి రెండు చిప్పలుగా విడివడింది. రబ్బరు పలకను సబ్బునీళ్లలో కడిగి నీడన ఆరబెట్టి, సర్క్యూట్‌ను మొబైల్ రిపేరు షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తేలికగా తుడిచాను. 2 పలికింది. 5 కింద కార్బన్ పూర్తిగా అరిగిపోయింది కాబట్టి చాక్లెట్ చుట్టిన వెండికాగితాన్ని గుండ్రంగా కత్తిరించి ఆ చుక్క మీద అంటించాను. దసరా దాకా పనిచేసింది. కొత్త రిమోట్ కొన్నప్పుడు దాని మీది ప్లాస్టిక్ కవరు తీయకుండా వాడే అమ్మల అలవాటును నేను ఎగతాళి చేసేవాణ్ణి; ఆ జిగట చూసిన తర్వాత మానుకున్నాను.

రిమోట్ బాగుండి, సెల్స్ బాగుండి, అయినా ఒకసారి పలికి ఒకసారి పలకకపోతే రిమోట్‌ను వదిలి బాక్సు వైపు చూడాలి. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. మా ఇంట్లో ఇలాగే రెండు నెలలు నడిచింది. సాయంత్రం పనిచేసేది కాదు, నాన్నగారు లేచి దగ్గరికి వెళితే పనిచేసేది. నేను వెళ్లి చూస్తే, దుమ్ము పడకుండా అమ్మ బాక్సు మీద తాను అల్లిన క్రోషియా గుడ్డ కప్పింది. దాని అంచు కుచ్చులు సరిగ్గా బాక్సులో రిమోట్ కాంతిని అందుకునే సెన్సర్ ముందు వేలాడుతున్నాయి. ఫ్యాను గాలికి కుచ్చులు పక్కకు జరిగినప్పుడు రిమోట్ పలుకుతోంది, లేనప్పుడు లేదు. గుడ్డను నాలుగు వేళ్లు వెనక్కి జరపడంతో ఆ జబ్బు కుదిరింది. పరారుణం కూడా కాంతే కాబట్టి గాజు గుండా దాదాపుగా వెళుతుంది, గోడకు తగిలి తిరిగి వస్తుంది, కాని చెక్క తలుపునూ గుడ్డనూ దాటలేదు. ఎదురుగా కిటికీ నుంచి నేరుగా ఎండ సెన్సర్ మీద పడినా ఇలాగే అవుతుంది. చాలా రిమోట్లు తమ కాంతిని సెకనుకు సుమారు 38,000 సార్లు మినుకుమనిపించి సంకేతం పంపుతాయి. పాతకాలపు సీఎఫ్ఎల్ బల్బులు కొన్ని దాదాపు అదే వేగంతో మినుకుమంటాయి కాబట్టి, దీపం వేసిన తర్వాతే రిమోట్ మొరాయిస్తోందంటే ఒకసారి ఆ దీపం ఆర్పి చూడమనండి.

ఇక మీ రెండవ ప్రశ్న. అసలు కష్టం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. టీవీ రిమోట్‌లో ఉన్న సోర్సు బటన్‌ను పొరపాటున ఒక్కసారి నొక్కితే చాలు, పెద్దవారికి టీవీ మొత్తం పాడైనట్టే. అలాగే చాలా ఫ్రీ డిష్ రిమోట్లలో టీవీ, రేడియో మధ్య మార్చే బటన్ ఒకటి ఉంటుంది. ఒకరోజు నాన్నగారు ఫోను చేసి తెర నల్లబడిపోయిందనీ, లోపలి నుంచి ఎవరో వార్తలు చదువుతున్నారనీ చెప్పారు. విని చూస్తే ఆకాశవాణి. సౌండు విషయంలోనూ ఇదే గొడవ. బాక్సులో తగ్గించి టీవీలో పెంచితే గరగరమనే మోత వస్తుంది కాబట్టి బాక్సు సౌండును నిండుగా పెట్టేసి, ఆ తర్వాత టీవీ రిమోట్ ఒక్కదానితోనే తగ్గించుకోవడం, పెంచుకోవడం అలవాటు చేయాలి.

ఒకే రిమోట్ కావాలంటే లెర్నింగ్ సౌకర్యం ఉన్న డిష్ రిమోట్ ఉండాలి. దాని మీద టీవీ అని రాసి, గీత గీసి వేరుచేసిన మూడు నాలుగు బటన్లు ఉంటాయి. రెండు రిమోట్ల ముఖాలను రెండు అంగుళాల దూరంలో ఎదురెదురుగా పెట్టి, డిష్ రిమోట్‌ను నేర్చుకునే స్థితిలోకి తెచ్చి, అందులో నేర్పవలసిన బటన్‌ను, ఆ తర్వాత టీవీ రిమోట్‌లో దానికి సరిపోయే బటన్‌ను నొక్కితే, ఆ సంకేతాన్ని అది గుర్తుపెట్టుకుంటుంది. ఏ బటన్లను ఎంతసేపు నొక్కాలన్నది కంపెనీని బట్టి మారుతుంది, బాక్సుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. నేను పవర్, సౌండు బటన్లు మాత్రమే నేర్పాను, సోర్సు బటన్‌ను కావాలనే నేర్పలేదు. మిగిలిన బటన్లలో అవసరం లేనివాటి మీద ఇన్సులేషన్ టేపు అంటించాను. మొదట నాన్నగారు నొచ్చుకున్నారు, "నేనేమైనా చంటిపిల్లవాడినా?" అన్నారు. వారం తిరిగేసరికి రేడియో బటన్ మీద కూడా ఒక ముక్క వేయమని తానే అడిగారు.

ఇవన్నీ చేశాక కూడా కొనక తప్పదంటే, ఫ్రీ డిష్ బాక్సులకు రిమోట్లు చూడడానికి ఒకేలా ఉన్నా లోపలి కోడ్ వేరుగా ఉంటుంది. నేను ఒకసారి పాత రిమోట్‌ను మాత్రమే పట్టుకెళ్లి, బటన్లన్నీ సరిపోల్చి 150 రూపాయలకు కొన్నది ఇంటికి వచ్చాక ఒక్క బటన్‌కూ పలకలేదు. రెండవసారి బాక్సునే సంచిలో వేసుకుని వెళ్లాను. షాపతను తన టీవీకి తగిలించి మూడో రిమోట్‌తో నడిపించి చూపించాడు. కొత్తది వచ్చాక టీవీ అసలు రిమోట్‌ను పారేయనివ్వకండి. కొత్త రిమోట్‌కు మళ్లీ నేర్పాలన్నా, ఎప్పుడైనా సోర్సు మారిపోతే వెనక్కి తేవాలన్నా అదే కావాలి. మా ఇంట్లో దాని సెల్స్ తీసి, రబ్బరు బ్యాండుతో కలిపి కట్టి, అమ్మ బీరువాలో దాచింది.