కుర్రాడికి బెల్టు ఎప్పుడివ్వాలి?

ప్రశ్న: అన్నా, అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా పెట్టే పెద్ద షో రెజిల్‌మేనియా ఉంది కదా, 2025లో అక్కడ జాన్ సీనాకి 17వ సారి ప్రపంచ టైటిల్ ఇచ్చారు. అప్పటికి ఆయనకి 48 నిండటానికి మూడు రోజులే తక్కువ. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు కదా, ఆ బెల్టేదో కుర్రాళ్లకి ఇవ్వొచ్చుగా? పెద్దవాళ్లు పక్కకి తప్పుకోకపోతే వీళ్లు ఎప్పుడు ఎదుగుతారు? నాకైతే చూడబుద్ధి కావట్లేదు.
– డిగ్రీ చదువుతున్న ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నీ వయసులో నాదీ ఇదే గొడవ. 2004 ఆగస్టులో రాండీ ఆర్టన్ 24 ఏళ్లకే వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ గెలిస్తే, నేనే గెలిచినంత సంబరపడ్డాను. డబ్ల్యూడబ్ల్యూఈలో అంత చిన్న వయసులో ప్రపంచ చాంపియన్ అయినవాడు అంతకుముందు లేడు. మర్నాడు ‘రా’ అనే వారం వారం టీవీ షోలో సొంత జట్టువాడు బటిస్టా అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఎదురుగా ఆ జట్టు నాయకుడు ట్రిపుల్ హెచ్ నవ్వుతూ బొటనవేలు పైకి చూపించాడు. అంతలో అదే వేలు కిందికి తిరిగింది. బటిస్టా కింద పడేశాడు, సొంత జట్టువాళ్లే చితక్కొట్టారు. నెల తిరక్కుండా ఆ టైటిల్ ట్రిపుల్ హెచ్‌కే పోయింది.

ఆ రోజు ట్రిపుల్ హెచ్‌ని తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు అదే మళ్లీ చూస్తే తప్పు వేరేచోట కనిపిస్తోంది. ముందురోజు దాకా ఆర్టన్ విలన్. వెనకటి దిగ్గజాల్ని పట్టుకుని అవమానించడమే అతని పని. జనం అతన్ని తిట్టడానికి అలవాటు పడ్డారు. అలాంటివాణ్ని రాత్రికి రాత్రి హీరో అన్నారు. జనానికి మనసు మార్చుకునే టైమే ఇవ్వలేదు. గెలుపు కాగితం మీద రాసుకోవచ్చు గానీ, హాల్లో జనం కుర్చీల్లోంచి లేచి అరవడాన్ని ఎవరు రాస్తారు? ఆర్టన్ తర్వాత ఎన్నోసార్లు చాంపియన్ అయ్యాడు, గొప్పవాడయ్యాడు. కానీ ఆ మొదటిసారి మాత్రం వృథా అయిపోయిందనే ఇప్పటికీ బాధ.

ఇదే పని ఓపిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్ వైపు చూడు. 2012 జనవరి 4న టోక్యో డోమ్‌లో హిరోషి తనహాషి అక్కడి పెద్ద టైటిల్ ఐడబ్ల్యూజీపీని వరసగా 11వ సారి కాపాడుకుని రికార్డు కొట్టాడు. ఆ రాత్రే కజుచికా ఒకాడా అనే 24 ఏళ్ల కుర్రాడు రింగ్‌లోకి వచ్చి సవాలు విసిరాడు. జనానికి అతని మీద ఏ కోశానా నమ్మకం లేదు. ఫిబ్రవరి 12న ఒసాకాలో ఆ కుర్రాడు గెలిచేశాడు. ఇక్కడిదాకా ఆర్టన్ కథే. తేడా ఆ తర్వాతే ఉంది.

జూన్‌లో తనహాషి టైటిల్ వెనక్కి తీసుకున్నాడు. 2013 జనవరిలో టోక్యో డోమ్‌లో మళ్లీ ఓడించాడు. 2015 జనవరి 4న కూడా అదే డోమ్‌లో తనహాషిదే గెలుపు. ఆ రోజు ఒకాడా ర్యాంప్ మీద వెక్కివెక్కి ఏడుస్తూ లోపలికి నడిచాడు. ఆ నడక ఒక్కసారి చూడు తమ్ముడూ. దర్జాగా నోట్లు చల్లుకుంటూ వచ్చే మనిషి, చిన్నపిల్లాడిలా ముఖం తుడుచుకుంటూ పోతుంటే నాకు గొంతు పట్టేసింది. సరిగ్గా ఏడాదికి, 2016 జనవరి 4న, మళ్లీ వాళ్లిద్దరే. చివర్లో తనహాషి ఎంత విడిపించుకోబోయినా ఒకాడా అతని మణికట్టు వదల్లేదు. చెయ్యి పట్టుకునే లాగి లాగి లారియట్ (చాచిన చేత్తో మెడ మీద వేసే దెబ్బ) కొట్టాడు. ఆ రోజు గానీ ఒకాడా నిజమైన చాంపియన్ అవలేదని నా ఉద్దేశం. బెల్టు మొదటిసారి దొరికినప్పటి నుంచి లెక్కేస్తే దాదాపు నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో తనహాషి గెలిచిన ప్రతిసారీ కుర్రాడి విలువ పెరిగింది. 2018లో 12వసారి టైటిల్ కాపాడుకుని ఒకాడా ఆ 11 రికార్డుని దాటాడు. దాటింది ఎవరి మీదో తెలుసా? తనహాషి మీదే.

అందుకే పెద్దవాడి చేతిలో బెల్టు ఉందని నాకు కోపం రాదు. అది అతని దగ్గర్నుంచి ఎవరికి, ఎలా వెళ్లిందన్నదే చూస్తాను. సీనా విషయంలో పాతతరం రెజ్లర్ రిక్ ఫ్లెయిర్ 16 సార్లు ప్రపంచ చాంపియన్ అయిన లెక్కని దాటడం ఒక ముచ్చట, కాదనను. అతను ఓడించిన కోడీ రోడ్స్ కూడా కుర్రాడేం కాదు, అప్పటికి 39. ఆగస్టు 3న సమ్మర్‌స్లామ్‌లో అదే కోడీకి ఓడిపోయి బెల్టు అప్పజెప్పాడు. డిసెంబరు 13న తన ఆఖరి బౌట్‌లో గుంథర్‌కి ట్యాప్ చేసి, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుని, వెళ్లిపోయాడు. ఎప్పుడూ లొంగనివాడన్న పేరు అతనిది. ఆ పేరు పెట్టుకుని చివరి రోజున ట్యాప్ చేయడమంటే చిన్న విషయం కాదు.

నీలాగే నాకూ ఒళ్లు మండింది 2020 ఫిబ్రవరిలో. బ్రే వైయట్ ‘ఫీండ్’ వేషంలో ఎన్ని దెబ్బలు కొట్టినా పడని భూతంలా ఉండేవాడు. అలాంటివాణ్ని రియాద్‌లో 53 ఏళ్ల గోల్డ్‌బర్గ్ చేత దాదాపు మూడు నిమిషాల్లో ఓడించారు. నెలలపాటు కట్టుకొచ్చిన భయమంతా మూడు నిమిషాల్లో గాల్లో కలిసిపోయింది. పోనీ ఆ గెలుపు వల్ల గోల్డ్‌బర్గ్‌కి కొత్తగా వచ్చిన పేరేమైనా ఉందా అంటే అదీ లేదు. వైయట్ 36 ఏళ్లకే, 2023లో చనిపోయాడు. ఆ బౌట్ గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ప్రశ్న: అందరికంటే చిన్న వయసులో, అందరికంటే పెద్ద వయసులో ప్రపంచ చాంపియన్ అయింది ఎవరు?
– ఒక స్కూలు విద్యార్థి

జవాబు: డబ్ల్యూడబ్ల్యూఈ వరకు చిన్నవాడు ఆర్టనే, 24. పెద్దవాడు విన్స్ మెక్‌మాన్, 1999లో 54 ఏళ్లకి. ఆయన కంపెనీ యజమాని, వారం తిరక్కముందే టైటిల్ వదిలేశాడు కూడా. నేనైతే లెక్కలో వేసుకోను. నీకు చెప్పాల్సిన పేరు పాతకాలపు అమెరికా రెజ్లర్ లూ థెజ్. 1937 డిసెంబరులో మొదటి ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు ఆయనకి 21 ఏళ్లు. 1963 జనవరిలో ఎన్‌డబ్ల్యూఏ (పోటీలు పెట్టే ప్రమోటర్ల సంఘం) టైటిల్ మళ్లీ గెలిచేనాటికి 46. అప్పట్నుంచి 1966 దాకా, 50కి దగ్గరపడే వరకూ, ఆయనే చాంపియన్. ఆ రోజుల్లో చాంపియన్ ఊరూరూ తిరుగుతూ ఎక్కడికక్కడి ప్రమోటర్ దగ్గర ఆడాలి. అనుకున్న ప్రకారం కాకుండా ఎవడైనా రింగ్‌లో నిజంగానే మెలిపెట్టి బెల్టు కొట్టేయాలని చూసే ప్రమాదం ఉండేది. థెజ్‌కి పట్లు నిజంగా తెలుసు, ఎవరి పప్పులూ ఉడకనివ్వడు. అందుకే అంత వయసులోనూ ప్రమోటర్లు ఆయన్నే నమ్మారు.

ప్రశ్న: మావాడు వీటిని తెగ చూస్తాడు. ఎలాగూ నాటకమే కదా, నలభై దాటినవాళ్లకి కూడా దెబ్బలేం తగలవులే అంటాడు. నిజమేనా?
– ఒక తల్లి

జవాబు: నిజం కాదండీ. ఫలితమే ముందు అనుకున్నది, పడటం నిజం. రింగ్ కింద ఉండేది ఇనుప ఫ్రేము, దాని మీద చెక్కలు, ఆ పైన పల్చటి ఫోమ్. గడ్డం ఛాతీకి ఆనించి, వీపంతా ఒకేసారి నేలకి తగిలేలా పడటం నేర్పిస్తారు. అయినా ఏళ్ల తరబడి పడ్డాక మెడ, నడుము అరిగిపోతాయి.

జపాన్ రెజ్లర్ మిత్సుహారు మిసావా సంగతి మీవాడికి చెప్పండి. 1990 జూన్ 8న టోక్యో బుడోకాన్‌లో, 27 ఏళ్ల వయసులో, 39 ఏళ్ల జంబో త్సురుటా అంతటివాణ్ని పిన్ చేశాడు, అంటే భుజాలు నేలకి అదిమి మూడు లెక్కపెట్టేదాకా ఉంచి గెలిచాడు. హాలంతా మిసావా పేరుతో మార్మోగిపోయింది. పెద్దాయన నుంచి చిన్నవాడికి బాధ్యత అందడం అంత బాగా జరిగిన రాత్రి నేను ఇంకొకటి చూడలేదు. ఆ మిసావాయే తర్వాత సొంత కంపెనీ పెట్టాడు, తనే దాన్ని నడుపుతూ 46 ఏళ్లొచ్చినా బౌట్లు ఆడుతూనే ఉన్నాడు. 2009 జూన్ 13న హిరోషిమాలో ఒక బౌట్‌లో అవతలివాడు వెనక్కి ఎత్తి వేస్తే పడ్డాడు. అది ఆయన కెరీర్‌లో వందలసార్లు పడినలాంటిదే. ఈసారి లేవలేదు. ఆ రాత్రే చనిపోయాడు. ఎత్తి వేసినవాడి తప్పు ఏమీ లేదు.

మీవాడు చూస్తానంటే చూడనివ్వండి. స్నేహితుల మీద, పరుపుల మీద మాత్రం ప్రయత్నించొద్దని గట్టిగా చెప్పండి.