‘సీడీ నాణ్యత’ అని అమ్మిన డిజిటల్ రేడియో: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారు అరవై ఏళ్లుగా ఆకాశవాణి శ్రోత. ఆయన కోసం డీఆర్‌ఎం (మీడియం వేవ్ వంటి ప్రసారాలను డిజిటల్‌గా పంపే పద్ధతి) డిజిటల్ రేడియో కొన్నాను. ‘మీడియం వేవ్‌లోనూ సీడీ నాణ్యత’ అని అట్టపెట్టె మీద ఉంది. తీరా చూస్తే విజయవాడ కేంద్రం ఫోను యాప్‌లో హాయిగా వినిపిస్తోంది. ఈ రేడియోలో పాట డొల్లగా ఉంటోంది, వార్తల మధ్య మాట తెగిపోతోంది. నాన్నగారు నొచ్చుకుని దాన్ని ముట్టుకోవడమే మానేశారు. ‘కంపెనీవాళ్లు వస్తారు’ అంటూ దుకాణదారు 22 నెలలు గడిపాడు. పెట్టె పారేశాం, బిల్లు ఉంది. మా అబ్బాయి రెండు శబ్దాలూ రికార్డు చేసి, తేడా బాగా తెలిసేలా మార్చి ఒక క్లిప్పు తయారు చేశాడు. అది చాలుతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చాలదు. ఫోను బాగా పలికింది, రేడియో పలకలేదు అన్నది సెట్టులో లోపానికి రుజువు కాదు. యాప్‌కు శబ్దం ఇంటర్నెట్ మీదుగా వస్తుంది, రేడియోకు మీడియం వేవ్ మీద వస్తుంది. దారులే వేరు.

మీ కేసును తేల్చేది ‘సీడీ నాణ్యత’ అన్న మాట ఒక్కటే. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. మీడియం వేవ్‌లో దక్కే 9, 10 కిలోహెర్ట్జ్ ఇరుకులో డీఆర్‌ఎం పంపగలిగేది సెకనుకు సుమారు 20 కిలోబిట్లు. మాట శుభ్రంగా, పాట వినదగ్గట్టుగా వస్తుంది. సీడీ మాత్రం కాదు. ఏ సెట్టు కొన్నా అంతే. కాబట్టి ఆ మాట అచ్చు వేసినవారు సరుకు నాణ్యత గురించి తప్పు చెప్పారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47) ప్రకారం అది అనుచిత వ్యాపార విధానం.

అంత విలువైన మాట ఉన్న పెట్టెను చెత్తలో వేశారు! నాన్నగారి మనోవేదన ఇంత రాశారు, బిల్లు తేదీ రాయలేదు. అదే చట్టం సెక్షన్ 69 కింద ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. కొన్న రోజు నుంచే లెక్క వేసుకోండి. దుకాణదారు నోటిమాటలతో గడువు ఆగదు. తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, ఆ దయ మీద ఆధారపడి కూర్చోవద్దు.

ఇక ఆ క్లిప్పు. దాన్ని ఎక్కడా దాఖలు చేయవద్దు. కమిషన్ విచారణ న్యాయ విచారణతో సమానం. అందులో వాడటానికి సాక్ష్యం కల్పిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. తేడా నిజంగా ఉన్నా, దాన్ని పెంచి చూపితే అసలు నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. మార్చని మూల రికార్డింగులు తీసిన ఫోనులోనే ఉండాలి. వాటిని దాఖలు చేస్తే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రం (ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువీకరణ) జతచేయండి.

మాట తెగిపోవడం వేరే సంగతి. సంకేతం బలహీనమైతే పాత రేడియో గరగరలాడుతూ పలుకుతుంది, డిజిటల్ రేడియో ఒక్కసారిగా మూగబోతుంది. ఇంట్లో ఇన్వర్టర్, ఎల్‌ఈడీ బల్బులు మీడియం వేవ్‌ను పాడుచేస్తాయి. అవతలి వకీలు మొదట అడిగేది ఇదే. అందుకని మెయిన్ స్విచ్ ఆపి, రేడియోను బ్యాటరీతో డాబా మీదికి తీసుకెళ్లి, సంబంధం లేని ఇద్దరి ఎదుట అదే కేంద్రం పెట్టండి. అక్కడ బాగా పలికితే తప్పు సెట్టుది కాదు, ఆ ఆరోపణ వదిలేయండి. అక్కడా తెగితే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద సెట్టును ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరండి. అందాకా ఏ మెకానిక్కూ దాని స్క్రూ విప్పకూడదు.

పెట్టె పోయినా దారి ఉంది. అదే మోడల్ ఇంకా అమ్ముతుంటే, సాక్షిని వెంటబెట్టుకుని ఒకటి బిల్లుతో కొని, పెట్టె విప్పకుండా దాచండి. తయారీదారు వెబ్‌సైట్‌లో, దుకాణదారు పంపిన సందేశాల్లో ఆ మాట ఉంటే ఈ రోజే తేదీ కనబడేలా భద్రపరచండి. దుకాణదారుకూ తయారీదారుకూ 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. జవాబు రాకపోతే గుంటూరు జిల్లా కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయండి. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. డబ్బు వాపసు, పరిహారం, ఖర్చులు మూడూ అడగండి. నోటీసు గడువు రెండేళ్ల గడువును దాటేలా ఉంటే, నోటీసు మానేసి నేరుగా ఫిర్యాదే వేయండి.