ప్రశ్న–జవాబు: తొలి విలువ లేని వేరియబుల్‌కు కంపైలర్ రక్షణ

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు తోలే రైతుల బిల్లులు వేయడానికి సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. రకాన్ని బట్టి టన్ను ధర ఎంచుకోవాలి. ‘ఎ’, ‘బి’ రకాలకు ఇఫ్–ఎల్స్ ఇఫ్‌లో ధర ఇచ్చి, ‘సి’ రకాన్ని మరిచాను. ఇంట్లో కంపైల్ చేస్తే ‘సి’ రకానికి అంతకుముందు లోడు ధర పడుతోంది. కాలేజీ ల్యాబ్‌లో ఓ2 (ప్రోగ్రాంను వేగంగా నడిచేలా మార్చే కంపైలర్ ఆప్షన్) పెడితే ఎప్పుడూ ‘బి’ రకం ధరే పడుతోంది. ఏదో కంపైలర్ ఆప్షన్ పెడితే చాలని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?
– బీటెక్ విద్యార్థి, తిరుపతి

జవాబు: సగం నిజం. ఫంక్షన్ లోపల ప్రకటించిన మామూలు వేరియబుల్‌కు మనం విలువ ఇవ్వకపోతే, స్టాక్‌లో (ఫంక్షన్ల వేరియబుల్స్ ఉండే మెమరీలో) ఆ చోట అంతకుముందు మిగిలినదేదో అందులో ఉంటుంది కాబట్టి, మీ ఇంట్లో పాత లోడు ధర కనబడింది. ల్యాబ్‌లో జరిగింది వేరు. అలాంటి విలువను వాడడం అన్‌డిఫైన్డ్ బిహేవియర్ (ఫలితం ఏమిటో సీ ప్రమాణం చెప్పని పని) కనుక, ఆ దారిలో ఏ ధర పెట్టినా తప్పు లేదని ఆప్టిమైజర్ (కంపైలర్‌లో వేగం పెంచే భాగం) భావించి, ‘ఎ కాకపోతే బి’ అన్నట్టుగా రెండో పరీక్షనే తీసివేయగలదు.

మీ స్నేహితుడు చెప్పేది బహుశా ‘-ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్’ గురించి కావచ్చు. ఇది సీ కంపైలర్లలో క్లాంగ్‌లో 2019 నాటి 8వ వెర్షన్ నుంచి, జీసీసీలో 2022 నాటి 12వ వెర్షన్ నుంచి ఉంది. దీనికి ‘జీరో’ అని ఇస్తే తొలి విలువ లేని స్థానిక వేరియబుల్స్ అన్నింటినీ కంపైలర్ సున్నాతో నింపుతుంది. లినక్స్ కెర్నెల్‌ను కూడా ఈ పద్ధతిలో కంపైల్ చేసుకునే వీలుంది, ఎందుకంటే స్టాక్‌లో మిగిలిపోయిన పాత సమాచారం బయటికి పొక్కడం అక్కడ భద్రతా సమస్య. మీ విషయంలో మాత్రం ‘సి’ రకం రైతుకు టన్ను సున్నా రూపాయల చొప్పున బిల్లు వస్తుంది. తప్పు ప్రతిసారీ ఒకేలా జరుగుతుందే తప్ప పోదు.

అందుకే పరీక్షించే దశలో ‘జీరో’కు బదులు ‘ప్యాటర్న్’ ఇవ్వండి. జీసీసీ అప్పుడు ప్రతి బైటులోనూ ఎఫ్ఈ అనే హెక్సాడెసిమల్ విలువ నింపుతుంది కాబట్టి, నాలుగు బైట్ల ఇంట్‌లో ధర మైనస్ 1,68,43,010గా కనిపిస్తుంది; ఆ బిల్లును ఎవరూ సరైనదనుకోరు. బయటికి ఇచ్చే ప్రోగ్రాంకు ‘జీరో’ మేలని నా అభిప్రాయం.

ఇంతకన్నా ముందు చేయవలసిన పని హెచ్చరికలను తెరవడం. ‘-డబ్ల్యూఆల్’ పెట్టండి, జీసీసీలో దానితోపాటు ఓ2 కూడా పెట్టండి. ఆప్టిమైజేషన్ లేనప్పుడు ‘మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్’ రకం హెచ్చరికలు చాలావరకు రావు. ఓ2తో కూడా జీసీసీ కొన్నింటిని వదిలేస్తుంది కనుక, ఒకసారి క్లాంగ్‌తోనూ కంపైల్ చేయండి; మీరు రాసిన ఇఫ్ లాంటి వాటిని దాని ‘సమ్‌టైమ్స్-అన్‌ఇనిషియలైజ్డ్’ హెచ్చరిక పట్టుకుంటుంది. పైన చెప్పిన ఆప్షన్ పెట్టినా జీసీసీ ఈ హెచ్చరికలను ఆపదు. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే సాధనంతో వెతికేటప్పుడు మాత్రం ఆ ఆప్షన్ తీసివేయాలి, లేకపోతే వేరియబుల్‌కు విలువ ఉన్నట్టే దానికి కనిపించి మౌనంగా ఊరుకుంటుంది.

ఇక మీ ప్రోగ్రాంలో దిద్దవలసింది ఒక్క వాక్యం: చివర ‘ఎల్స్’ పెట్టి, తెలియని రకం వస్తే బిల్లు వేయకుండా ఆపండి.

ప్రశ్న: ప్రోగ్రాం నడిచేటప్పుడు మాలాక్ ఫంక్షన్‌తో తీసుకున్న మెమరీకి కూడా ఈ ఆప్షన్ వర్తిస్తుందా? పెద్ద అర్రేలుంటే వేగం తగ్గదా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వర్తించదు. అది స్టాక్ మీది వేరియబుల్స్‌కే పరిమితం; మాలాక్ ఇచ్చే మెమరీని హీప్ అంటారు, అది సున్నాతో కావాలంటే క్యాలాక్ ఫంక్షన్ వాడండి. స్టాటిక్, గ్లోబల్ వేరియబుల్స్‌ను సీ ప్రమాణమే సున్నా చేస్తుంది కాబట్టి వాటికి ఈ ఆప్షన్ అవసరం లేదు. వేగం విషయానికొస్తే, అనేకసార్లు పిలిచే ఫంక్షన్‌లో కిలోబైట్ల కొద్దీ బఫర్ ఉంటే భారం తెలుస్తుంది. అలాంటి ఒక్క బఫర్‌కు ‘అన్‌ఇనిషియలైజ్డ్’ అనే యాట్రిబ్యూట్ (కంపైలర్‌కు ఇచ్చే సూచన) తగిలించి మినహాయించండి, మిగతావాటికి రక్షణ అలాగే ఉంటుంది.