ఆగ్నేయాసియాలోని టిమోర్-లెస్తె రాజధాని దిలీకి ఉద్యోగం మీద వెళ్తుంటే పోర్చుగీసు నేర్చుకోవాలా, ఇంగ్లీషు చాలా?

రెండూ కాదు, ముందు తెతుమ్ నేర్చుకోండి. టిమోర్-లెస్తెకు పోర్చుగీసు, తెతుమ్ రెండూ అధికార భాషలే. ఇంటర్నెట్‌లో సలహాలిచ్చేవాళ్ళు మాత్రం మొదటిదే చెప్పి ఊరుకుంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

1975 దాకా పోర్చుగీసు పాలన, తర్వాత 1999 దాకా ఇండోనేషియా ఆక్రమణ, 2002 మే 20న స్వాతంత్ర్యం. ఎవరు ఏ కాలంలో బడికెళ్ళారో ఆ భాష వాళ్ళ నోట్లో ఉంటుంది. ఒకే ఇంట్లో తాతకు పోర్చుగీసు, కొడుక్కి ఇండోనేషియన్ వస్తాయి. పుట్టుకతో వచ్చినది మంబాయో, మకసాయో, ఫతలుకో లాంటి స్థానిక భాష అయి ఉంటుంది. అందరినీ కలిపేది తెతుమే.

అసలు చిక్కు బజారులో, అంకెల దగ్గర. మాటలన్నీ తెతుమ్‌లో సాగి, ధర మాత్రం తరచు ఇండోనేషియన్‌లో వస్తుంది. ఇరవై ఐదుకు తెతుమ్‌లో 'రుఅనులు రెసిన్ లిమ', ఇండోనేషియన్‌లో 'దువ పులు లిమ'. తేదీలు ఎక్కువగా పోర్చుగీసులో చెబుతారు. కాబట్టి తెతుమ్‌లో పది దాకా, ఇండోనేషియన్‌లో వంద దాకా బాగా పట్టు చిక్కించుకోండి. అర్థం కాకపోతే తలూపకండి, నాణెం చూపించి అడగండి.

నోట్లు అమెరికన్ డాలర్లే, చిల్లర మాత్రం సొంత సెంటావో నాణేలు. సెంటావో అంటే సెంటే. చిరిగినవి, నలిగినవి, పాత నోట్లు తీసుకోరు. ఒకటి, ఐదు డాలర్ల కొత్త నోట్లు తీసుకెళ్ళండి. పెద్ద నోటిస్తే కొట్టువాడి దగ్గర చిల్లర ఉండదు.

నగరంలో తిరగడానికి మైక్రోలెట్ వ్యానులుంటాయి, ముందు అద్దం మీద రూటు నంబరు ఉంటుంది. దిగాలంటే చేతిలోని నాణెంతో తలపైన ఇనుప కడ్డీని టకటక కొట్టాలి. ఆ చప్పుడుకి బండి ఆగుతుంది, దిగాక అదే నాణెం డ్రైవరు చేతిలో పెట్టాలి. పాటల హోరులో మెల్లగా కొడితే వినపడదు, స్టాపు దాటిపోతుంది. కాస్త ముందే గట్టిగా కొట్టండి.

పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకండి. మగవాళ్ళను 'మౌన్' (అన్న), ఆడవాళ్ళను 'మన' (అక్క) అనండి. మనవాళ్ళకిది ఇట్టే అలవాటవుతుంది. కృతజ్ఞత చెప్పేది మగవాళ్ళయితే 'ఓబ్రిగాదు', ఆడవాళ్ళయితే 'ఓబ్రిగాద'.

ఒక్క జాగ్రత్త. మొదటి పరిచయంలోనే "మీది తూర్పా, పడమరా?" అని అడగకండి. 2006లో దేశంలో తూర్పువాళ్ళు, పడమటివాళ్ళు అన్న ఆ తేడా మీదే దిలీలో గొడవలు రేగి, ఇళ్ళు తగలబడి, లక్షమందికి పైగా ఇళ్ళు వదిలి పారిపోయారు. ఊరి పేరు అడగండి, చాలు. మిగతాది చెప్పాలనుకుంటే వాళ్ళే చెబుతారు.